భుజం ఎన్నిసార్లు జారింది

ఆపరేషన్ అయిన పదకొండు నెలలకు నా బామ్మర్ది కుడి భుజం మళ్ళీ జారింది. అప్పుడు అతను చెరకు మోపేమీ ఎత్తడం లేదు, చొక్కా తొడుక్కుంటున్నాడు. ఆదివారం పొద్దున, చర్చికి ఆలస్యమవుతోందని నేను వాళ్ళ గడప ముందు బండి స్టార్ట్ చేసి కూర్చున్నాను. చొక్కా చేతిలో చెయ్యి దూర్చడానికి మోచెయ్యి వెనక్కి పెట్టాడు, అంతే. తలుపు పట్టుకుని కూలబడ్డాడు. భుజం గుండ్రదనం పోయి ఎముక మూల తేలింది.

"బావా, బండి బంద్ చేసి ఇటు రా. జర గుంజు," అన్నాడు పళ్ళు బిగించి.

నేను కదలలేదు. అతని భార్య వంటింట్లోంచి వచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుని, నేల మీద కూర్చుంది. అతని చంకలో మడమ ఆనించి, చెయ్యి రెండు చేతులతో పట్టుకుని మెల్లగా లాగింది. లోపల టక్కుమంది. ఆమె లేచి నా వైపు చూసింది.

"పేపరోళ్ళకు రాసుడే వస్తదన్నా, గుంజుడు రాదు."

ఆమె లాగిన తీరు చూస్తే అది మొదటిసారి కాదని తెలుస్తూనే ఉంది. ఆ సంగతి నాకు తట్టినా అప్పుడు అడగలేదు.

బామ్మర్దికి నలభై దాటాయి. బోధన్ దగ్గర, నిజాంసాగర్ కాలువ కింది ఊళ్ళలో చెరకు లోడింగ్ ముఠాలో పని. బోధన్ ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు దూరపు మిల్లులకు లారీల్లో పోతోంది. అంత దూరం పోయే లారీని సగం నింపి పంపరు, అంచులు దాటి మనిషెత్తు పేరుస్తారు. నెత్తిన మోపు, దాన్ని ఆపడానికి పైకెత్తి వెనక్కి వంచిన కుడిచెయ్యి, కాళ్ళ కింద ఏటవాలు బల్ల. భుజాన్ని ముందుకు జారగొట్టేది సరిగ్గా ఆ భంగిమే. ఇది నాకు తర్వాత ఒక డాక్టరమ్మ చెప్పింది. మొదట ఆపరేషన్ చేసినాయన చెప్పలేదు. అతను ఏం పని చేస్తాడో ఆయనకు తెలియదు. నిజామాబాద్‌లోని ఆ ఆస్పత్రి కాగితంలో వృత్తి దగ్గర "వ్యవసాయం" అని ఉంది. టైపు చేసినమ్మాయి మా మొహాలు కూడా చూడకుండా కొట్టిన మాట అది.

ఆ రోజు డాక్టరు అడిగింది ఒక్కటే. "ఎన్నిసార్లు జారింది?"

"రెండుసార్లు సార్."

నేను పక్కనే కూర్చున్నాను. బస్సు బోల్తా పడిందంటే, పోలీసులు చెప్పిన సంఖ్యను మార్చురీకి పోయి సరిచూసుకోకుండా వార్త పంపని మనిషిని. ఆ రెండును మాత్రం నమ్మేశాను. పైగా కీహోల్ ఆపరేషన్ అయితే మూడు చిన్న రంధ్రాలతో పోతుంది, తొందరగా తేరుకుంటావని అతన్ని ఒప్పించిందీ నేనే.

ఆదివారం తర్వాత బోధన్‌లోనే ఉన్న ఎముకల డాక్టరమ్మ దగ్గరకు పోయాం. ఆమె ఫైలు తెరవకముందే, "మోపు ఎట్ల పట్టుకుంటవో చూపియ్," అంది. అతను చెయ్యి ఎత్తాడు. సగం దాకా వచ్చేసరికి నొప్పికి మొహం ముడుచుకుంది.

"చాలు, దించు. ఇప్పటిదాక ఎన్నిసార్లు జారింది?"

బామ్మర్ది భార్య వైపు చూశాడు. "మేమే గుంజుకున్నయి గూడ లెక్కలకు వస్తయా మేడం?"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. ముఠాలో భుజం జారితే ఎవరో ఒకరు మడమ పెట్టి లాగుతారు, నీళ్ళు తాగిస్తారు, తర్వాతి మోపు ఎత్తుతారు. అది వాళ్ళకు దెబ్బ కింద లెక్క కాదు. దవాఖానకు పోయింది రెండుసార్లే కాబట్టి అతను రెండని చెప్పాడు. అసలు లెక్క పద్నాలుగని ఇప్పుడన్నాడు. పదిహేడని భార్య అంది. "నిద్రల జారినయి నీకేమెరుక? గుంజింది నేను."

స్కానింగ్ వచ్చాక డాక్టరమ్మ టీ సాసర్ ముందు పెట్టి చెప్పింది. భుజం గుండు కూర్చునే చోటు ఇలాంటి లోతులేని పళ్ళెం. దాని అంచుకు మెత్తటి పట్టీ ఉంటుంది. జారినప్పుడు ఆ పట్టీ ఊడుతుంది. కీహోల్‌లో కెమెరా పెట్టి దాన్ని దారాలతో మళ్ళీ అంచుకు బిగిస్తారు. ఎముక నిండుగా ఉన్నవాళ్ళకు అది మంచి పద్ధతే. కానీ జారిన ప్రతిసారీ అంచు కొంచెం అరుగుతుంది. ఇతనికి ముందంచు బాగా పోయింది. అలాంటప్పుడు ముందు నుంచి కోసి, దగ్గర్లోని కొక్కెం లాంటి ఎముక కొనను దాని కండతో సహా తీసుకొచ్చి, అరిగిన చోట రెండు స్క్రూలతో బిగిస్తారు. కోత పెద్దది, నరాలు పక్కనే ఉంటాయి, చెయ్యి బయటికి మునుపటంత తిరగకపోవచ్చు. "అంచే లేనప్పుడు పట్టీ ఎంత మంచిగ కుట్టినా ఏం ఆగుతది?" అంది.

ఆ స్కానింగ్ పట్టుకుని నేనొక్కణ్ణే మొదటి ఆస్పత్రికి పోయాను. ఆపరేషన్‌కు ముందు ఇది ఎందుకు తీయలేదని అడిగాను. డాక్టరు ఫైలు నా వైపు తిప్పి "రెండుసార్లు" అన్న మాట మీద వేలు పెట్టాడు.

"పేషెంట్ చెప్పిందే రాసినం సార్. మీవాడు అబద్ధం చెప్తే మేమేం చేస్తం?"

అబద్ధం! పదిహేడుసార్లు భుజం జారినా నోరెత్తకుండా ఈ జిల్లా చెరకును లారీలకెత్తిన మనిషి అబద్ధాలకోరు. ఏం పని చేస్తావని అడగనివాడు నిజాయితీపరుడు. జారిన భుజాన్ని ఎవరు ఎక్కించారన్న ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే చాలు. ఆ గదిలో దాన్ని అడగాల్సినవాళ్ళం ఇద్దరం ఉన్నాం. నా మీద నాకున్న కోపం కొంత చల్లారింది. ఆ వేలి మీద కోపం చల్లారలేదు. మా మనిషి అబద్ధం చెప్పలేదని ఫైల్లో రాయమని ఉత్తరం ఇచ్చి వచ్చాను. జవాబు లేదు.

బామ్మర్దికి నా ఉత్తరం సంగతి పట్టలేదు. "ఈసారి లెక్క మంచిగనే చెప్పిన గద బావా. మల్ల మోపు ఎత్తుతనని మేడం రాసిస్తదా?"

రాసివ్వదు. ఆపరేషన్ తర్వాత ఆరు నెలలు నెత్తిన బరువు పెట్టొద్దంది. ఆ తర్వాతైనా లారీ బల్ల ఎక్కమని తాను చెప్పలేనంది. ఎక్కకపోతే ముఠాలో అతనికి వేరే పని లేదు.

"ఆపరేషన్ చేపిచ్చుకో," అంటుంది భార్య. "రాత్రిళ్ళు లేచి గుంజుడు ఇగ నాతోని కాదు."

మిల్లుల్లో చెరకు క్రషింగ్ మొదలవడానికి ఇంకో మూడు వారాలున్నాయి. డాక్టరమ్మ ఇచ్చిన అంగీకార పత్రం వాళ్ళింట్లో బైబిల్లో మడిచి ఉంది. దాని మీద సంతకం పడలేదు. ముఠా మేస్త్రి జాబితాలో అతని పేరు ఇంకా కొట్టేయలేదు.