వేదాద్రి దారిలో అక్క నలుపు కోసం

మా తోడికోడలు సుశీలక్క పోయి ఏడాది కావస్తోంది. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి మధ్యాహ్నాలు ఇద్దరం కలిసి కలంకారీ వేసేవాళ్లం. గీత ఆవిడది, రంగు నాది. నేను గీసిన చిలకని చూసి కాకి అని ఏడిపించేది. ఆఖరి గుడ్డ సగంలో ఆగిపోయింది. అంచు తీగ ఇంకా ఒక జానెడు గీయాలి. కొట్లో దొరికే నల్లరంగులన్నీ విడిగుడ్డ మీద వేసి చూశాను. ఒక్కటీ అక్క నలుపుకి దగ్గరగా కూడా రాలేదు. పాత ఇనుప ముక్కలు, తాటిబెల్లం నీళ్లలో వారాల తరబడి పులియబెడితే వచ్చే ఆ నలుపుని కసిం అంటారు. వేదాద్రి దారిలో ఉండే రత్తమ్మ గారి దగ్గర ఏటా ఇద్దరం వెళ్లి తెచ్చుకునేవాళ్లం. ఈసారి ఆ గుడ్డ పట్టుకుని ఒక్కదాన్నే బయల్దేరాను.

విజయవాడలో పొద్దున్నే బస్సెక్కితే ఎండ ముదరకముందే నందిగామ చేరతారు. దారిలో పరిటాల హనుమంతుడి విగ్రహం కనబడగానే అక్క నా చేతులు పట్టుకుని మరీ దండం పెట్టించేది. ఈసారి నేనే పెట్టుకున్నాను, ఏడుపొచ్చింది. రత్తమ్మ గారు ఫోన్లో తెమ్మన్న తాటిబెల్లం నందిగామలో కొని, ఇంకో బస్సులో జగ్గయ్యపేట వెళ్లాను. అక్కడ ఆటో అతను నా వెనక్కి తొంగి చూసి, "ఒక్కరేనా అండి? ఇంకో నలుగురు రావాలి మరి" అన్నాడు. ఆ మాట వినే ఓపిక లేక రెండొందలిచ్చి ఆటో మొత్తం మాట్లాడుకున్నాను.

రత్తమ్మ గారి పెరట్లో చిక్కుడు పందిరి సగం మాడి నల్లగా ఉంది.

"ఏం చెప్పమంటారమ్మా, మీ రంగంతా మా ఆయన చిక్కుడుకి కొట్టేసాడు" అన్నారావిడ. పురుగుమందు కొనకుండా వేపాకు, సీతాఫలం ఆకు, ఉమ్మెత్త దంచి, ఆవు పంచితంలో ఊరబెట్టి పాదులకి కొడతారు. ఆ కషాయం కుండ, రంగు కుండ ఒకే గోడ పక్కన, రెండింటి మూతికీ కట్టింది పాతగుడ్డ వాసెనే.

"రెండూ ఒకటే కంపు. ఏది ఏదో నాకెట్టా తెలుస్తది?" అన్నాడు ఆయన మంచం మీద నుంచే.

"పేనుబంక పోయిందా మరి?" అన్నాను, ఒళ్లు మండి.

"పోలా. నల్లబడిందంతే."

నవ్వాను. నవ్వి పక్కకి తిరిగితే చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

ఆయన పైతేట వడగట్టుకున్నాడు కాబట్టి అడుగు మడ్డి మిగిలిందట. వారాల కిందటే దానిమీద మళ్లీ బెల్లం నీళ్లు పోసి ఊరబెట్టారట రత్తమ్మ గారు. "అదే కుండ, అదే ఇనుమండి. కానీ రంగు కలుస్తదో లేదో ఇక్కడే చూసుకోండి" అన్నారు. కలవకపోతే ఆ గుడ్డ ఇక ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. అరుగు మీద పరిచి, వెదురు కలం ముంచి, అక్క ఆపిన చోటి నుంచి తీగ లాగాను. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద కసిం ముందు వెలిసినట్టు కనబడి, చూస్తుండగానే ముదురుతుంది. గీత వంకర పోలేదు. జానెడు తీగా పూర్తిచేసి ఆరబెట్టాను. అచ్చం అక్క నలుపే. ఎంత సంతోషమేసిందో.

రత్తమ్మ గారు వంగి చూసి, "మీ అక్కగారు ఎందాకా వేసారండి?" అన్నారు. చూపిద్దామని వేలు పెట్టాను. తీగ వెంట వెనక్కీ ముందుకీ జరిపాను. అతుకు ఎక్కడా దొరకలేదు.

తిరుగు బస్సులో ఆ గుడ్డ ఒళ్లో పెట్టుకుని దారంతా వెతుకుతూనే ఉన్నాను. రంగు కలవాలని ఇంత దూరం వచ్చింది నేనే, కలిసింది. కానీ అక్క కలం ఎత్తిన చోటు ఒకటి ఉండేది, రోజూ దాని మీద చెయ్యి వేసుకుని కూర్చునేదాన్ని. ఇప్పుడు ఎక్కడ వెయ్యాలో తెలియడం లేదు. మీరూ ఎవరిదైనా సగం గుడ్డ పట్టుకుని వెళ్తుంటే, కలం ముంచేముందు ఒక్క ఫొటో తీసుకోండి. నేను తీసుకోలేదు.