నరాల బిళ్ళ

మా వైపు దాన్ని నిద్ర బిళ్ళ అనరు. ఆ మాటలో చావు వాసన ఉంది, పరువు గల ఇళ్ళలో పైకి అనే మాట కాదు. నరాల బిళ్ళ అంటారు. నరాలు బలహీనపడ్డాయి, బిళ్ళ వేసుకుంటే బలపడతాయి. ఈ మాట వినడానికి ఎంత శుభ్రంగా ఉంటుందంటే, పాలలో బెల్లం వేసుకున్నంత అమాయకంగా నాలుగేళ్ళపాటు మా అక్క ఆ బిళ్ళ వేసుకుంది. నాలుగేళ్ళపాటు దాన్ని గుంటూరు నుంచి మోసుకెళ్ళి ఇచ్చినవాణ్ణి నేనే.

నేనెవరో చెప్పకపోతే ఈ సంగతిలోని సిగ్గు మీకు తెలియదు. నేను తాయెత్తులు తెంపే మనిషిని. బడిపంతులుగా పనిచేసినన్నాళ్ళూ, ఆ తరవాతా, కనిగిరి మెట్ట పల్లెల దాకా తిరిగి సభలు పెట్టాను. దయ్యం పట్టిందన్న చోట రుజువు అడిగాను, గాలి సోకిందన్న చోట డాక్టరును చూపించమన్నాను. నా దగ్గర ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉంది. అందులో నలభై ఏళ్ళుగా జనం విప్పి ఇచ్చిన తాయెత్తులున్నాయి. కొన్ని వాళ్ళంతట వాళ్ళు విప్పి ఇచ్చినవి. కొన్ని నేను దబాయించి విప్పించినవి. ఆ రెండింటికీ తేడా ఉందని అప్పట్లో నేను అనుకోలేదు.

అక్క నాకంటే పదేళ్ళు పెద్ద. ప్రత్తిపాడు దగ్గర పల్లెలో బావ మిరప, పత్తి వేస్తాడు. నా ఉపన్యాసాలు మొదట విన్నది అక్కే. నేను విశ్వం పుట్టుక గురించి చెబుతుంటే కంచం ముందుకు తోసి, "నోరు నీది, అన్నం నాది. ముందు తిను" అనేది. నేను వాదించి గెలవలేకపోయిన మనుషుల్లో ఆమె మొదటిది.

గర్భసంచి ఆపరేషను తరవాత ఆమెకు నిద్ర తప్పింది. గుండె దడ, చేతుల్లో వణుకు. ఊళ్ళో సూదులేసే ఆర్‌ఎంపీ నరాల వీకునెస్సు అని చిన్న తెల్ల బిళ్ళ రాసిచ్చాడు. మొదటి వారం హాయిగా పడుకుంది. నెల తరవాత ఆ చీటీ పోయింది, అలవాటు మిగిలింది. నేనుండేది గుంటూరు బ్రాడీపేటలో. అక్కడ అడుగుకో మందుల షాపు. ఖాళీ అట్ట చూపిస్తే కొత్త అట్ట ఇచ్చేవారు. ఎవరికి, ఎందుకు, ఎన్నాళ్ళ నుంచి అని షాపువాడు అడగలేదు. దేవుణ్ణి కూడా రుజువు అడిగిన నేనూ అడగలేదు. బిళ్ళ అంటే సైన్సు. సైన్సును ప్రశ్నించేదేముంది? ఇప్పుడు తలుచుకుంటే, తాయెత్తు కట్టించుకునేవాడు మంత్రగాడి ముందు సరిగ్గా ఇలాగే ఊరుకుంటాడు.

గుర్తులు చాలానే కనిపించాయి. పడుకునే ముందు వేసుకునే ఒక్క బిళ్ళ రెండయింది. తరవాత మధ్యాహ్నం ఒకటి వచ్చి చేరింది. ఫోనులో నిన్న చెప్పిన సంగతే ఇవాళ చెప్పేది, నాలుక మందంగా తిరిగేది. పులుసులో రెండుసార్లు ఉప్పు వేసేది. కుళాయి దగ్గర పడి మోచేయి చీరుకుపోతే ఎలా పడిందో ఆమెకే గుర్తు లేదు. వయసు అనుకున్నాం. నెలకు రావలసిన అట్టలు ఇరవై రోజులకే అయిపోతుంటే ఎలుకలు కొట్టేశాయంది. నన్ను భయపెట్టింది మాత్రం ఆమె గొంతు. "అట్ట అయిపోవస్తోందిరా, ఎప్పుడొస్తావు?" అని అడిగేది. ఇంకా నాలుగు బిళ్ళలున్నాయని తనే చెబుతూ, ఆ నాలుగూ అయిపోయాక ఇల్లు కూలిపోతుందన్నట్టు అడిగేది. పంట మొత్తం పురుగు తినేసిన ఏడు కూడా ఆ గొంతులో ఆ భయం లేదు.

ఒకసారి వెళ్ళినప్పుడు పోపుల డబ్బాలో ఆవాల కింద ఒక అట్ట దొరికింది. గోడ గడియారం వెనక ఇంకొకటి. ఆ ఊరి షాపులో కొన్నవి, పెదనందిపాడు వైపు వెళ్ళేవాళ్ళతో తెప్పించుకున్నవి, నేను తెచ్చినవి కాక. ఆ రోజు మొదటిసారి అట్టను వెలుగులో పట్టుకుని చదివాను. దాని మీద నిలువుగా ఎర్ర గీత ఉంది. డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని కింద చిన్న అక్షరాలున్నాయి. నాలుగేళ్ళు నా జేబులో మోశాను. ఆ గీత నా కంట పడలేదు.

అప్పుడు నేను చేసిన పని నా నలభై ఏళ్ళ చదువంతా కలిసి చేసిన పని. వరండాలో అక్కను కూచోబెట్టి ఉపన్యాసం ఇచ్చాను. అలవాటుకు బానిస కావడం గురించి, మనిషి సంకల్పం గురించి. ఇల్లంతా వెతికి అట్టలన్నీ పోగు చేశాను. అంతకుముందు రోజు ఒక సభకు వెళ్ళి నేరుగా వచ్చాను కనక రేకు డబ్బా సంచిలోనే ఉంది. అట్టలన్నీ అందులో వేసి మూత బిగించాను.

"ఒక్కటి ఉంచరా" అంది అక్క. "సగం ముక్కయినా."

"ఇది కూడా తాయెత్తే అక్కా. తెంపితే ఏమీ కాదు."

బావ ఎప్పుడోగాని మాట్లాడడు. ఆ రోజు మాట్లాడాడు. గుంటూరులో పెద్ద డాక్టరును ఒకమాట అడిగి చేద్దామేమో అన్నాడు. నేను ఆయన్ని కూడా మాటలతో నోరు మూయించాను. ఆమెకు కాపలాగా ఆ ఇంట్లోనే ఉండిపోయాను.

మొదటిరోజు ఏమీ కాలేదు. నాకు గర్వం కలిగింది. రెండోరోజు ఆమెకు కునుకు లేదు, చలికాలంలో జాకెట్టు తడిసేలా చెమట. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు ఒలికిపోయాయి. మూడోరోజు కుక్కరు కూత వేస్తే రెండు చెవులూ మూసుకుని గోడవైపు తిరిగింది. కంచంలో చీమలున్నాయంది. లేవు. కళ్ళంలో ఆరబోసిన మిరపకాయలు పాకుతున్నాయంది. కిటికీలోంచి చూశాను. అంత మేర ఎర్రగా, కదలకుండా పడున్నాయి. ఆమె కళ్ళలోకి చూసి మళ్ళీ బయటికి చూశాను, నాకే నమ్మకం లేక.

గాలి సోకిందన్నారు చుట్టుపక్కలవాళ్ళు. ఒకాయన భూతవైద్యుణ్ణి పిలుస్తానన్నాడు. నేను వరండాలో నిలబడి గంటసేపు వాదించాను. గెలిచాను కూడా. నేను గెలుస్తున్నంతసేపూ లోపల మంచం కోళ్ళు నేలకు కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

అందరూ వెళ్ళాక ఒకామె మిగిలింది. వెనకింటి సాయిబుల ఆడమనిషి, మిరపకాయల తొడిమలు తీసే పనికి వస్తుంది. అక్కంటే ప్రాణం. ఆమె గడప దగ్గరే నిలబడి అడిగింది.

"అన్నయ్యా, అక్క చేత ఏమన్నా మానిపించారా?"

నరాల బిళ్ళ అని చెప్పాను. ఆమె తల ఊపింది. తాగుడుకు అలవాటుపడిన తన భర్త ఒకసారి ఒట్టేసుకుని ఒక్కరోజులో మానేశాడట. మూడోరోజు ఇట్టాగే చీమలు చూశాడట. నాలుగోరోజు పడి కొట్టుకున్నాడట. ఇట్టా ఒక్కసారే ఆపితే మనిషి దక్కడని పెద్దాసుపత్రిలో తిట్టారట.

"అది సారాయి అమ్మా. ఇది డాక్టరు మందు."

"వణుకు అదే గదన్నా."

నలభై ఏళ్ళలో నాకు ఎదురుపడిన వాదనల్లో ఇంతకంటే చిన్నది లేదు, ఇంతకంటే గట్టిది లేదు. ఆమె చూసింది, పోల్చింది, తేల్చింది. నేను జనానికి నేర్పుతానన్న పని అదే. అయినా నేను వెంటనే లేవలేదు. తెల్లారాక చూద్దామన్నాను. అట్టలు తిరిగి తీస్తే ఓడిపోయినట్టని నా లోపల ఎక్కడో ఉంది. ఆ పూటను నేను ఎవరికీ సమర్థించుకోలేను.

నాలుగోరోజు పొద్దున్న పదింటికి అక్క తనంతట తాను లేచి కళ్ళంలోకి నడిచింది. మిరపకాయల మధ్య నిలబడి నావైపు తిరిగింది. ఏదో అనబోయింది. కళ్ళు పైకి తిరిగాయి. కట్టె పడినట్టు కాయల మీద పడి కొట్టుకోసాగింది. మిరప కోరు ఘాటుగా లేచి అందరికీ దగ్గు. ఎవరో తాళాలు, తాళాలు అని అరిచారు. ఫిట్సు వస్తే చేతిలో ఇనుము పెట్టడం మా వైపు ఆచారం. దాని మీద నేను చేసిన వెటకారం ఊరూరా తెలుసు. ఒకామె బొడ్డున దోపుకున్న తాళాల గుత్తి తీసి విసిరితే నా ముందు పడింది.

నేను దాన్ని తీసుకున్నాను. అక్క పిడికిట్లో పెట్టి, నా రెండు చేతులతో ఆ పిడికిలిని మూసి పట్టుకున్నాను.

ఇనుముకు ఆ శక్తి లేదని నాకు అప్పుడూ తెలుసు. కానీ నా దగ్గర ఇంకేమీ లేదు. చేతులు ఖాళీగా ఉన్నవాడికి భయం ఏం చేయిస్తుందో ఎన్నో సభల్లో వర్ణించాను. అది లోపలినుంచి ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. అసలు చేయవలసిన పని చేసింది ఆ తొడిమల ఆమె. అక్కను పక్కకు ఒత్తిగిలించి, తల కింద తన కొంగు మడిచి పెట్టి, నోట్లో ఏమీ కుక్కనివ్వకుండా అందర్నీ వెనక్కి నెట్టింది. రెండు నిమిషాలకు ఫిట్సు దానంతటదే ఆగింది. ఊళ్ళో ఆపిన పేరు తాళాలకే దక్కింది.

కారులో గుంటూరు చేరేదాకా అక్క కళ్ళు తెరవలేదు. బ్రాడీపేట ఆసుపత్రిలో మెదడు జబ్బుల డాక్టరమ్మ ఏ బిళ్ళ, ఎన్ని, ఎప్పటినుంచి ఆపారు అని అడిగింది. నేను రేకు డబ్బా మూత తీశాను. నల్లదారాలు, రాగి రేకులు, వాటిలో కలిసిపోయి అట్టలు. ఆమె ఒకసారి నన్ను చూసి, అట్టలను వేరు చేసి తీసుకుంది.

ఆ తరవాత ఆమె చెప్పింది నాకు మింగుడుపడలేదు. మొదటి వైద్యం ఆ జాతి మందే తిరిగి ఇవ్వడం. ఏళ్ళ తరబడి మెదడును నెమ్మదిగా ఉంచే పని బిళ్ళే చేసిందని, మెదడు ఆ పని మరిచిపోయిందని, ఒక్కసారి బిళ్ళ లాగేస్తే పట్టు తప్పుతుందని చెప్పింది. ఈ బిళ్ళ ఇంట్లో కూచుని ఒక్కరోజులో మానకూడదని, ప్రాణం పోయేవాళ్ళున్నారని చెప్పింది.

"ఆవిడ బలహీనురాలు కాదండీ. ఇందులో మొండితనం పనికిరాదు, ఆవిడదీ మీదీ" అంది.

ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచారు. మెల్లగా పనిచేసే ఇంకో మందుకు మార్చి, దాన్ని రెండు వారాలకోసారి కొంచెం కొంచెం తగ్గించారు. వారానికి సరిపడా బిళ్ళలు బావ చొక్కా జేబులో ఉండేవి. చివరి నెలల్లో డాక్టరమ్మ చూపించినట్టే స్టీలు పళ్ళెం బోర్లించి దాని మీద బ్లేడుతో ముక్కలు కోసేవాడు. పురుగుమందు కొలిచే చేతులు, అయినా ప్రతి ముక్కనూ రెండుసార్లు సరిచూసుకునేవి. మధ్యలో రెండుసార్లు దడ ఎక్కువై తగ్గించడం ఆగింది. అక్కడే నిలబడదాం, వెనక్కి మాత్రం వద్దు అంది డాక్టరమ్మ. అక్క నన్ను తిట్టేది, ఏడ్చేది, ఒకరోజు బావ జేబులో చెయ్యి పెట్టింది. తనే డాక్టరమ్మకు ఫోనుచేసి ఆ సంగతి చెప్పింది. దాదాపు ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా నా ఫోను మోగితే ముందు మంచం కోళ్ళ చప్పుడు వినిపించేది.

ఆఖరి ముక్క వేసుకున్న మూడు వారాలకు వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. బావ చేలో ఉన్నాడు. అక్క వరండాలో నవారు మంచం మీద పడుకుని ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. పిలిచాను, పలకలేదు. మనిషికి వచ్చిన నిద్రా, బిళ్ళ తెచ్చిన నిద్రా పైకి ఒకేలా ఉంటాయి. ఛాతీ లేస్తోందా అని వంగి చూశాను. లేస్తోంది. అయినా నా కాళ్ళు నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళాయి. పోపుల డబ్బా తీసి ఆవాల్లో వేళ్ళు పెట్టాను. మెంతుల్లో. జీలకర్రలో. గోడ గడియారం వెనక చెయ్యి పెట్టి తడిమాను. దుమ్ము తప్ప ఏమీ లేదు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో అక్క. తలుపు పట్టుకుని నిలబడింది. చెయ్యి వణకడం లేదు.

"ఏంట్రా, ఆవాల్లో దయ్యం ఉందా?"

క్షమించమని అడగాలని నోరు తెరిచాను. ఆమె వచ్చి నా వేళ్ళకు అంటిన ఆవాలు ఒక్కొక్కటే డబ్బాలోకి రాల్చింది.

"వెతుకు" అంది. "వచ్చినప్పుడల్లా వెతుకు. నేనేమీ అనుకోను. పొద్దున్న నువ్వు రాకముందు నేనూ వెతికాను, ఎక్కడన్నా ఒకటి మిగిలిందేమోనని. దొరికితే ఏం చేసేదాన్నో నాకే తెలియదురా."

డబ్బా మూత పెట్టి నా చేతికిచ్చింది. నేను దాన్ని ఆమెకు అందని ఎత్తు అరలో పెట్టాను. ఆమె అది చూసి, నాకు కంచం పెట్టింది.