యూరియా సంచి కాళ్ల తొడుగులు

మా చిన్నప్పుడు... చలికాలం పొద్దున కంది చేల మధ్య బండ్లబాటలో సైకిల్ తొక్కుతుంటే, నా ఎత్తు పెరిగిన కంది కొమ్మలు మంచుతో తడిసి రెండు వైపులా కాళ్లకు కొట్టుకునేవి. తాండూరు రోడ్డెక్కేసరికి మోకాళ్ల కింద పొడి చోటంటూ ఉండేది కాదు. ఆ తడి మీద చలిగాలి... బడికి ఇంకా నాలుగు కిలోమీటర్లు.

అప్పుడు ఆరో తరగతి. మగపిల్లలకు నిండు ప్యాంటు, ఆడపిల్లలకు మోకాళ్ల దాకా స్కర్టు. చలి మగపిల్లలకే వేస్తుందని ఎవరు చెప్పారో! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఇంట్లో చెప్పడానికి లేదు. ఒకసారి నోరు జారితే నాయన ఒక్కటే మాట అన్నాడు. "గంత చలైతె బడి బందు వెట్టు. సైకిల్ అమ్మేస్త."

అంతే... మళ్లీ చలి అనలేదు.

అవ్వ, అంటే మా నాయన తల్లి, నా పిక్కలు పగిలి రక్తం కారడం చూసింది. తాను కప్పుకునే గొంగడిని కత్తిరించి, కడిగి ఆరేసిన యూరియా సంచిని పైన వేసి, దబ్బనంతో రెండు తొడుగులు కుట్టింది. మోకాళ్ల దగ్గర కట్టుకోవడానికి నాడా కూడా పెట్టింది. లోపల వెచ్చగా ఉండేది, బయట మంచు నీళ్లు జారిపోయేవి. గొంగడి గుచ్చుకుంటోందని గునిస్తే, "గుచ్చుకోనీ... చలి గుచ్చుతలేదా?" అంది.

బడి గేటు దగ్గర పెద్ద టీచర్ ఆపింది. ఆమె ఒంటి మీద స్వెటరు, దాని మీద శాలువా. "ఇది బడి అనుకున్నవా, చేను అనుకున్నవా? తీసెయ్!"

తీసి సైకిల్ హ్యాండిల్‌కు తగిలించాను. ప్రార్థన జరిగినంతసేపూ మంచులో తడిసిన నాపరాళ్ల మీద వట్టి కాళ్లతో నిలబడి వణికాను. పిల్లలు "యూరియా, యూరియా" అని నవ్వారు. వారం రోజులు అదే తంతు. చివరికి ఒక సాయంత్రం అవ్వ కాళ్లకు నూనె రాస్తూ "ఇంక మానలేదేందే?" అని అడిగితే ఏడ్చేశాను.

మర్నాడు అవ్వ నాకంటే ముందే నడిచి వచ్చి గేటు దగ్గర నిలబడింది.

"టీచరమ్మా, నీ శాలువ జర నాకియ్యి."

"ఎందుకవ్వా?"

"ప్రార్థన అయ్యేదాక నేను పట్టుకుంట. మా బిడ్డ కాళ్లు ఎట్ల ఉంటయో నీకు గూడ తెలుస్తది."

టీచర్ శాలువా ఇవ్వలేదు. కానీ ఆ రోజు నుంచి నన్నెవరూ ఆపలేదు. నేను తలెత్తుకుని తిరిగాను. ఆ చలికాలమంతా అవ్వ గొంగడి లేకుండా పాత చీరలు కప్పుకుని పడుకుందని అమ్మ చెప్తే గానీ నాకు తెలియలేదు.

ఇప్పుడు వికారాబాద్‌లో ఉంటున్నాం. మా పాప కూడా ఆరో తరగతే. అనంతగిరి వైపు నుంచి మంచు దిగే పొద్దుల్లో సైకిల్ మీదే బడికి వెళ్తుంది. మొన్న దాని కోసం చలిలో సైకిల్ తొక్కేటప్పుడు వేసుకునే ప్యాంటు కొందామని సైకిళ్ల దుకాణానికి వెళ్లాను. లోపల మెత్తటి ఉన్ని, పైన నీళ్లు జారే బట్ట... అచ్చం అవ్వ కుట్టినట్టే!

"అవి జెంట్స్‌వి మేడమ్. ఆడపిల్లల సైజులు రావు. చలికాలంల వాళ్లేడ తొక్కుతరు?" అన్నాడు దుకాణదారు.

నోటికొచ్చింది అనేశాను. ఉన్నవాటిలో చిన్నది కొని, దర్జీతో పొట్టి చేయించాను.

నిన్న పాప వణుకుతూ ఇంటికొచ్చింది. ప్యాంటు బ్యాగులో ఉంది. "స్కర్ట్ కింద ఏసుకోవద్దన్నరు మమ్మీ..."

ఇన్నేళ్లలో బట్ట మారింది, సైకిల్ మారింది. ఆ గేటు మాత్రం అలాగే ఉంది.

రాత్రి గుర్తొచ్చింది... ఆనాడు అవ్వ గెలిచింది నా ఒక్కదానికే. నా పక్కన వరుసలో నిలబడ్డ ఆడపిల్లలంతా ఆ ఏడూ, ఆ తర్వాతా వణుకుతూనే ఉన్నారు. నేను వెచ్చగా నిలబడి, వాళ్ల కాళ్ల వైపు ఒక్కసారైనా చూడలేదు.

రేపు పొద్దున బడికి వెళ్తున్నాను. మా పాప ఒక్కదాని కోసం కాదు, ఆ వరుస మొత్తం కోసం.

మీరూ అలాంటి వరుసలో వట్టి కాళ్లతో నిలబడి ఉంటే ఇక్కడ రాయండి. వెళ్లేటప్పుడు మీ మాట కూడా తీసుకెళ్తాను...