మల్లయ్యగారి మక్కల సెలవు

పోలీసు ఉద్యోగంలో నేను దొంగల చేతిలో ఓడిపోయాను, ఒకసారి మేక చేతిలోనూ ఓడిపోయాను. కానీ ఒకే ఒక్క మాట చేతిలో ఓడి, పై అధికారిని కూడా వెంటేసుకుని పొలంలో పడ్డ ఘనత మాత్రం ఇదొక్కటే. నవ్వకుండా చదవమని అడగను. నవ్వండి, నాకు అలవాటే.

డెబ్భైల తొలినాళ్ళవి. నేను కోస్తా నుంచి కొత్తగా వచ్చిన సబ్ ఇన్‌స్పెక్టర్ని. రాజధాని శివార్లలో, ఇప్పుడు అద్దాల మేడలున్న వైపే మా స్టేషను. అప్పుడు చుట్టూ బండలూ చేలూ. ప్రాంతాల గొడవ ఆఫీసుల్లోకీ దూరి, "మీవాళ్ళు, మావాళ్ళు" అని ముఖాలు ముడుచుకునే కాలమది. అందుకని మా ఇన్‌స్పెక్టరు గారు స్టేషన్లో 'తోడు సంఘం' పెట్టమన్నారు. ఏ ప్రాంతంవాడైనా, ఏ మతంవాడైనా, సిబ్బందిలో ఒకరికి కష్టమొస్తే మిగతావాళ్ళు వెళ్ళి నిలబడాలి. కార్యదర్శిని నేనే. "జర", "పరేషాన్" నేర్చేసుకున్నాను కాబట్టి ఇక్కడి భాషంతా వచ్చేసిందని నా ధీమా. నిండు కుండ తొణకదంటారు. నాది కుండ కూడా కాదు, మూకుడు.

సంఘం ప్రారంభించడానికి ఇన్‌స్పెక్టరు గారు వస్తారనగా, హెడ్ కానిస్టేబుల్ మల్లయ్యగారు నా బల్ల ముందు నిలబడ్డారు.

"సారూ, ఇయ్యాల సెలవు గావాలె. ఇంటికాడ మక్కలు ఇరవాలె."

నాకు చెమట పట్టింది. మా వైపు మక్కెలంటే నడుం దగ్గరి ఎముకలు. "మక్కెలు విరగ్గొడతా" అన్నది మా నాన్న నన్ను రోజూ పలకరించే తీరు. ఈయన మక్కెను మక్క చేశారంటే, యాస కదా అనుకున్నాను.

"ఇంటి దగ్గర ఎవరున్నారండీ?"

"మా ఆడామె ఒక్కతే ఉన్నది. జల్ది పోవాలె."

"ఇదివరకు కూడా విరిచారా?"

"ప్రతి ఏడు ఇరుస్తం గద! పోయినేడు ఒక్కణ్ణే ఇరిస్తే చేతులు బొబ్బలెక్కినయ్. గందుకే ఈసారి ఖాదర్ భాయ్‌ని గూడ తోల్కపోత."

పక్కనే ఉన్న కానిస్టేబుల్ ఖాదర్ ఉత్సాహంగా తలూపాడు. "ఫికర్ జెయ్యకుండ్రి సార్. పొద్దుగూకే లోపల ఖతం జేస్తం."

ఖతం! కుర్చీలోంచి లేచాను. "విరిచాక ఏం చేస్తారు?"

"ఎండల ఏస్తం సారూ. మంచిగ ఎండినంక కట్టెలతోని దంచుడే."

"సెలవు లేదు!" అని కేక పెట్టాను.

మల్లయ్యగారి ముఖం వాడిపోయింది. "మొగులైతుంది సారూ. వానొస్తే అంత ఆగమైతది."

వాతావరణం చూసుకుని మరీ పెళ్ళాన్ని కొట్టే మనిషిని అదే చూడటం. ఇంతలో జీపు వచ్చింది. ఎదురు పరుగెత్తాను.

"సార్, ఘోరం! మల్లయ్యగారు భార్య నడుం విరగ్గొట్టడానికి సెలవడుగుతున్నారు. ఖాదర్ సాయమట!"

"నీకెట్ల తెలుసు?"

"నోటితోనే చెప్పారు సార్. ఏటా చేస్తారట!"

చూశారా, 'నడుం' అని నా భాషలో చెప్పాను. 'మక్కలు' అని ఉంటే, ఇక్కడివాడైన ఇన్‌స్పెక్టరు గారు కథను అక్కడే ముగించేవారు. ఆయన కళ్ళెర్రజేసి, "ఎక్కుండ్రి అందరు!" అన్నారు.

జీపు మల్లయ్యగారి ఊరు తెల్లాపూర్ వైపు దూకింది. వెనక సీట్లో మల్లయ్యగారి ముఖం వెలిగిపోతోంది. "పెద్దసారు గూడ వస్తుండు! సంఘమంటే గిట్లుండాలె ఖాదర్ భాయ్!" పట్టుబడ్డాక కూడా ఈ సంబరమేమిటని నేను నివ్వెరపోయాను.

చేలో ఒకావిడ గంప పట్టుకుని నిలబడి ఉంది. జీపు ఆగీ ఆగకముందే దూకాను.

"భయపడకండమ్మా, మేమొచ్చాం! మీ నడుముకేం కాలేదు కదా?"

ఆమె నన్ను ఎగాదిగా చూసి, మొగుడి వైపు తిరిగింది. "ఇప్పుడా వచ్చేది? మక్కలన్ని నాన్తయ్ గద!"

"సారు సెలవియ్యలే లచ్చమ్మా" అన్నారు మల్లయ్యగారు.

ఇన్‌స్పెక్టరు గారు చేనును చూశారు, నన్ను చూశారు. "ఈయన నీతోని ఏమన్నడో ఉన్నదున్నట్టు చెప్పు."

"మక్కలు ఇరవాలె అన్నారు సార్."

ఆయన ఒక కంకి విరిచి నా ముక్కు కింద పెట్టారు. "మీ దిక్కు దీన్ని ఏమంటరయ్యా?"

"మొ... మొక్కజొన్న, సార్."

ఖాదర్ గట్టు మీద కూలబడి నవ్వాడు. సంగతి విన్న లచ్చమ్మగారు మాత్రం, "నా నడుము ఇరుగుతదని గింత దూరం ఉరికొచ్చినవా బిడ్డా! మంచోడివే" అంది. నా కళ్ళలో నీళ్ళు తిరగబోయాయి. అంతలోనే, "ఇగ గంప వట్టు!" అంది.

పడమట మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. ఇన్‌స్పెక్టరు గారు టోపీ తీసి జీపులో పడేశారు. "సంఘం ఈడనే మొదలు!" అందరం విరిచాం, గంపలు మోశాం. పంటంతా కొట్టంలోకి చేరాకే వాన కురిసింది. ఆ కొట్టంలో ఆనుకుని నిలబడి నవ్వుకుంటుంటే, నేను పరాయివాణ్ణన్న సంగతి నాకే గుర్తు రాలేదు.

తెల్లారి మంచం మీంచి లేవలేకపోయాను. ఖాదర్ నూనె సీసాతో, మల్లయ్యగారు ఉడికించిన కంకులతో వచ్చారు. మల్లయ్యగారి తర్వాత తోడు సంఘం ఆదుకున్న బాధితుణ్ణి నేనే.

"ఏమైంది సారూ?" అన్నారు మల్లయ్యగారు.

"మక్కలు విరిస్తే మక్కెలు విరిగాయండీ!"

ఒక కంకి మీద చెయ్యి వేసి, బోర్లా పడుకుని ప్రమాణం చేశాను: విన్న మాట ఏ చేలో పండిందో కనుక్కోకుండా, ఈ జన్మలో ఎవరి నడుమునూ కాపాడబోనని.