తెప్పలకు ఎదురుపడని దారి

సంబంధిత అధికారులందరి సముఖమునకు, వారి పైనున్న అధికారుల సముఖమునకు, ఆ పైన ఇంకెవరైనా ఉన్నచో వారి సముఖమునకు, క్రింద సంతకము చేయు నేను విధేయతతో విన్నవించుకొనునది ఏమనగా: నన్ను తనిఖీకి పంపితిరి, వెళ్ళితిని, తిరిగి వచ్చితిని. నివేదిక కొరకు మీరు కేటాయించిన అరఠావు కాగితము చాలలేదు. కావున మిగిలినది ఇక్కడ, ఆ తీరానికి వెళ్ళదలచిన సామాన్య పాఠకులకు కూడా పనికివచ్చే రీతిలో, వేళలతోనూ దారి ఖర్చులతోనూ సహా సమర్పిస్తున్నాను.

ప్రయాణానికి కారణం రెండు ఫిర్యాదులు. అల్లూరుకు తూర్పున, బకింగ్‌హాం కాలువకూ సముద్రానికీ నడుమ, ఇసుక మీద ఒక జాలరి పాలెం ఉంది. అక్కడ మా క్రైస్తవ సంఘం తరఫున తొమ్మిదేళ్ళుగా, ఇంటింటా వాక్యం చెప్పే బైబిలు స్త్రీగా పనిచేస్తున్న కరుణమ్మ గారి మీద అవి వచ్చాయి. మొదటిది: ఇన్నేళ్ళలో ఆ పాలెంలో ఒక్కరైనా బాప్తిస్మం పొందలేదు. రెండవది: మగవాళ్ళంతా ఒడ్డున చేరే వేకువ వేళ, అంటే వాక్యం చెప్పడానికి అత్యంత అనుకూలమైన వేళ, ఆమె ఎవరికీ కనబడకుండా ఇసుక దిబ్బల వెనుక నక్కి తిరుగుతున్నది, ఇది సువార్తను గురించి సిగ్గుపడటం కాక మరేమిటి? ఈ రెండవదాన్ని కిందటి వర్షాకాలంలో ఆ పాలెంలో ఒక్క పూట గడిపిన పర్యవేక్షకులు స్వయంగా చూసి వ్రాశారు. కమిటీ దీర్ఘంగా ఆలోచించి, ఆమెను పని నుండి విరమింపజేసి నెల్లూరుకు పిలిపించాలని తీర్మానించింది. ఉత్తరువు వ్రాసి, దాన్ని స్వయంగా అందజేసే బాధ్యత కార్యదర్శిది. ఆ కార్యదర్శిని నేనే.

నిష్పక్షపాతం నిమిత్తం ఇక్కడ ఒక సంగతి వెల్లడించక తప్పదు. కరుణమ్మ గారు మా అమ్మకు చెల్లెలు. నాలుగేళ్ళ వయసులో తల్లిని పోగొట్టుకున్న నన్ను, ఇరవయ్యో ఏట భర్తను పోగొట్టుకున్న ఆమె పెంచింది. కుట్టుమిషను తొక్కి నన్ను మద్రాసులో ఎం.ఏ. దాకా చదివించింది. నాకు కళాశాలలో ఆర్థికశాస్త్రం చెప్పే ఉద్యోగం దొరికిన నెలలోనే, తన పూచీ తీరిందని దేవునికి చెప్పుకుని ఈ పాలేనికి వచ్చేసింది. ఆనాటి నుండి మా ఇంట్లో కిటికీ పక్కన ఆమె మిషను మూత వేసే ఉంది. ఆ మూత తీసే చెయ్యి తిరిగి ఇంటికి రావాలని తొమ్మిదేళ్ళుగా కోరుకుంటున్నాను. కాబట్టి ఆరోపణలు కమిటీవే అయినా, ఉత్తరువులో అక్షరాలు అంత గుండ్రంగా కుదరడానికి కారణం నాది.

శనివారం ఉదయం ఏడు గంటలకు నెల్లూరులో అల్లూరు బస్సు ఎక్కాను. టిక్కెట్టు ఎనభై నయాపైసలు. పెన్న దాటాక కోవూరులో పావుగంట ఆగుతుంది. ఇడ్లీ తినదలచినవారు అక్కడే తినాలి, తరువాత అవకాశం రాదు. మాఘమాసం కావడాన ఇరువైపులా వరి కోతకు వచ్చి ఉంది. తొమ్మిదికి అల్లూరు చేరవలసిన బస్సు తొమ్మిదీ నలభైకి చేరింది. ఈ విషయమై నేను ఫిర్యాదు చేయడం లేదు. ఆ వారానికి ఫిర్యాదులు నా వద్ద చాలినన్ని ఉన్నాయి. అక్కడి నుండి కాలువ దాకా ఒంటెద్దు బండి, రూపాయిన్నర. బండి తోలే ఆసామి నా కాళ్ళ వైపు ఒకసారి చూసి, “అయ్యోరమ్మ కాడికా సామీ?” అన్నాడు. పిల్లలకు అక్షరాలు నేర్పుతుంది గనుక ఆ చుట్టుపక్కల ఆమె పేరు అదేనట. ఎలా కనిపెట్టావన్నాను.

“బూట్లేసుకుని ఆ ఇసకలోకి పొయ్యేవోళ్ళు ఇంకెవురుండారు? పోయిన వానల్లో ఒకాయన ఇట్నే బూట్లతో వచ్చినాడు. గొడుగు కింద నిలబడి రాసుకున్నాడు, రాసుకున్నాడు... మా ఎద్దు పేరు గూడా అడిగినాడు.”

“చెప్పావా?”

“చెప్పినా. అది మాత్రం రాసుకోలేదు.” కొంత దూరం పోయాక తనంతట తానే, “పాలెపోళ్ళు ఆమె మతంలో కలవరులే సామీ. బిడ్డకు జొరమొస్తే మాత్రం ముందు ఆమె గుడిసె కాడికే పరిగెత్తుతారు” అన్నాడు. ఏ ఆరోపణకూ చెందని సాక్ష్యం గనుక దాన్ని నేనూ వ్రాసుకోలేదు.

కాలువలో ఉప్పు బస్తాల పడవలు తెరచాపలు ఎత్తుకుని మెల్లగా పోతున్నాయి. దాటించినతనికి ఆరు నయాపైసలు ఇస్తే అణా ఇమ్మన్నాడు. అణాలకు కాలం చెల్లిందని ప్రభుత్వం ప్రకటించిందని తెలియజేశాను. “సర్కారు ఇంకా కాలవ దాటలేదు సామీ” అన్నాడు. జేబు అడుగున ఒక అణా దొరికింది. అవతలి ఒడ్డు నుండి పాలెం రెండు మైళ్ళు, అంతా ఇసుక. పది నిమిషాల్లో బూట్లు చేతిలోకి వచ్చాయి, మరో పది నిమిషాల్లో వాటిని తిరిగి తొడుక్కుంటే బాగుండుననిపించింది. పన్నెండు దాటాక పాలెం చేరాను.

పిన్నమ్మ గుడిసె ముందు పందిరి కింద పిల్లల చేత ఇసుకలో గుణింతాలు దిద్దిస్తున్నది. తెల్లకోక, నల్లదారంతో చెవులకు కట్టుకున్న కళ్ళజోడు. మనిషి సగమైంది. నన్ను చూడగానే లేచి వచ్చి, రెండు చేతులతో నా ముఖం పట్టుకుని, “చిక్కిపోయినావు నాయనా” అన్నది. నేను అప్పటికి నూట అరవై పౌన్లు.

కానాగంత చేపల పులుసుతో అన్నం పెట్టింది. తిన్నాక ఉత్తరువు తీసి ఇచ్చాను. గుమ్మంలో వెలుతురుకు తిరిగి రెండుసార్లు చదివింది.

“మొదటిది నిజమే” అన్నది. “రెండోది గూడా నిజమే. దిబ్బల వెనకాలే పోతా.”

“సమాధానం ఏమని వ్రాయమంటావు?”

“నిజానికి సమాధానం ఏముంటాది? ఆయన చూసింది చూసినట్టు రాసినాడు. ఎందుకని అడగలేదు, అంతే.”

“నేను అడుగుతున్నాను.”

అప్పుడు చెప్పింది. మంచినీళ్ళ చెలమ పాలేనికి ఉత్తరపు కొసన ఉంది, ఆమె గుడిసె దక్షిణపు కొసన. ఎండెక్కితే చెలమ అడుగంటుతుంది గనుక వేకువనే పోవాలి. తిన్నని దారి ఒడ్డు వెంట, తెప్పలు నీళ్ళలోకి దించే చోటి మీదుగా పోతుంది. వచ్చిన తొలివారం ఆమె కడవ పట్టుకుని ఆ దారినే నడిచింది. భర్త లేని మనిషి తెల్లకోకతో ఎదురుపడిందని మగవాళ్ళు అప్పటికే అలను తాకిన తెప్పలను వెనక్కి లాగేశారు. ఆ రోజు ఎవరూ సముద్రం మీదికి పోలేదు. మధ్యాహ్నం ఆడవాళ్ళంతా ఆమె గుమ్మం ముందుకు వచ్చి తిట్టారు. పోలమ్మ అనే ఎండుచేపల వ్యాపారస్థురాలు చేపలు కడిగిన నీళ్ళ కుండ ఆమె తల మీద బోర్లించింది. మరునాటి నుండి పిన్నమ్మ దిబ్బల వెనుక, ముళ్ళపొదల్లోంచి చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టింది.

“అది మూఢనమ్మకం గదా. తిన్నగా నడిచి, ఏమీ కాదని నిరూపించవచ్చు గదా?” అన్నాను. ఇది కమిటీ వాదన. ఉత్తరువు మూడవ పేరాలో ఉంది.

“నిరూపించొచ్చు. ఆ పొద్దు పాలెంలో పొయ్యి రాజుకోదు. వాళ్ళ ఆకలి మీద నిలబడి నేను ధైర్యం చూపించాల్నా? చుట్టు తిరిగితే అరిగేది నా కాళ్ళే గదా.”

“కష్టంగా లేదా నీకు?”

“ఎందుకుండదు? తొలేడంతా ఏడ్చినా. వీళ్ళు తిట్టినందుకు ఒక ఏడుపు, మనోళ్ళు తిట్టినందుకు ఇంకో ఏడుపు. ఆ రెండోదే తొందరగా ఆరలేదు.” కాగితం మడిచి నా చేతికిచ్చింది. “ప్రభువుకు చెప్పుకుంటా.”

“నాకెందుకు వ్రాయలేదు?”

“నీకు చెప్తే కాయితం మీద పెడతావు.”

కాగితం నా చేతిలోనే ఉంది. వస్తావా అని అడిగాను. “రమ్మంటే రాక?” అన్నది. కొంచెం ఆగి, “పాపకు నేనెవురో తెలుసునా?” అన్నది. మా పాపకు మూడేళ్ళు. పుట్టినప్పుడు ఒక్కసారి చూసిపోయింది. ఫోటో చూపిస్తూనే ఉంటామన్నాను. “ఆ ఫోటోలో నేను నవ్వలేదే” అని దిగులుపడింది. సాయంత్రం రేకుపెట్టె సర్దింది. తొమ్మిదేళ్ళ కాపురం పది నిమిషాల్లో అందులో ఇమిడింది. తరువాత పెట్టె మీద చెయ్యి వేసి, పడమరగా, అంటే నెల్లూరు వైపుగా చూస్తూ కూర్చున్నది. పిల్లలు ఆ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, ఏమీ అడగకుండా ఇళ్ళకు పోయారు. చాలా కాలానికి నేను సంతోషించాను. ఈ విషయాన్ని కూడా దాఖలు చేయడం నా విధి.

ఆదివారం వేకువ నాలుగున్నరకు ఆమె కడవ ఎత్తుకుంటే, రెండవ ఆరోపణను కళ్ళారా చూడవలసి ఉన్నందున నేనూ వెంట బయలుదేరాను. ముళ్ళకు చిరుగుతుందని పాత అంగీ తొడుక్కున్నాను. అది చిరగలేదు. దిబ్బల వెనుక మొగలిపొదల్లోకి, నాగజెముడులోకి దిగగానే, మసక వెలుతురులో నా కాళ్ళ కింద ఒక దారి ఉన్నది. ఇరుపక్కలా ముళ్ళ కొమ్మలు నరికేసి ఉన్నాయి. కొన్ని మొదళ్ళు ఎండి తెల్లబడ్డాయి, కొన్ని ఆ వారంలోనే నరికినవి, ఇంకా పచ్చిగా ఉన్నాయి. కాలు కూరుకుపోయే మెత్తటి చోట్ల తాటాకులు పరిచారు. దిబ్బ నిటారుగా లేచే చోట తాటి మొద్దుకు పాత వలతాడు కట్టి, నిండు కడవతో దిగే ఆడమనిషి చేతికి అందే ఎత్తున వదిలారు. ఆ దారిన నడిచే మనిషి ఆ పాలెం మొత్తానికి ఒక్కతే.

“ఇదంతా ఎవరు చేశారు?”

“తెలీదు. వచ్చిన మూడో ఏడు నించి ఇట్టా ఉంటా ఉండాది. గాలివానకు పూడిపోతే రెండ్రోజుల్లో మళ్ళీ తేలతాది.”

“అడగలేదా?”

“అడిగితే సిగ్గుపడి మానేస్తారు” అని తాడు పట్టుకుని ఎక్కింది.

దిబ్బ మీద ఒక మొగలిపొద వెనుక ఆగింది. అవతల మనుషుల హైలెస్సలు, తెప్పలు ఇసుకను రాసుకుంటూ జారే చప్పుడు. పెదవులు కదుపుతూ ఒక్కొక్కరి పేరూ చెబుతున్నది. కడపటి తెప్ప కెరటం దాటేవరకూ కడవ ఎత్తుకోలేదు. వాక్యం చెప్పడానికి అత్యంత అనుకూలమైన వేళలో బైబిలు స్త్రీ ఏమి చేయుచున్నదో కనుగొనవలెనని ఉత్తరువు. కనుగొన్నాను.

చెలమ దగ్గర యాభై ఏళ్ళ మనిషి ఒకామె నీళ్ళు తోడుకుంటున్నది. పోలమ్మ ఈమేనని పిన్నమ్మ చెప్పింది. పోలమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

“ఈయనేనా మీ అక్క కొడుకు? పెట్టె సర్దినావంట, బిడ్డలు చెప్పినారు” అని పిన్నమ్మతో అని, నా వైపు తిరిగింది. “యాల తీసకపోతా ఉండావు అబ్బయ్యా? ఏం తప్పు చేసింది?”

“మీకు ఎదురు రాకుండా దాక్కుని తిరుగుతున్నదని...”

“మేం ఎదురు రావొద్దన్నాం. పొమ్మన్నామా?”

కళాశాలలో ఏడాదికి రెండు వందల మందికి జవాబులు చెప్పే నేను, ఆ దారి ఎవరు చేశారమ్మా అని అడిగాను.

“ఏ దారి? నాకేం తెలుసు?” అని పోలమ్మ కడవ నడుముకెత్తుకుంది. ఎత్తుకునేటప్పుడు మోచేతుల నిండా ముళ్ళు గీరిన గీతలు కనిపించాయి. కొంగు వాటి మీదికి లాక్కుని, ఒడ్డు వెంట ఉన్న తిన్నని దారిన, భర్త ఉన్న మనిషి గనుక, వెళ్ళిపోయింది.

గుడిసెకు చేరాక, “పిన్నమ్మా, పెట్టె విప్పుకో” అన్నాను.

“మరి కాయితం?”

“అందులో తప్పు దొర్లింది. తిరిగి వ్రాయాలి.”

ఆమె పెట్టె మూత మీద చెయ్యి వేసింది. “పాపో?” అన్నది. ఆ ఒక్క మాటలో ఉన్నంత దూరం నెల్లూరుకూ ఆ పాలేనికీ మధ్య ఏ పటంలోనూ లేదు. పెట్టె విప్పడానికి, సర్దినదాని కంటే చాలా ఎక్కువసేపు పట్టింది.

తిరుగు ప్రయాణంలో బస్సు వేళకే వచ్చింది. ఆలస్యమైతే బాగుండునని అనిపించిన రోజు అదొక్కటే. ఒక మనిషి మనకు కావాలనుకోవడమూ, ఆమె చేసే పని తప్పని నమ్మడమూ ఎంత సులువుగా ఒకే కాగితం మీద పక్కపక్కన కూర్చుంటాయో ఆ దారిలో ఆలోచిస్తూ వచ్చాను. నిందను ఆమె ఎదుర్కొనలేదు, తప్పించుకోనూ లేదు. దాని చుట్టూ నడిచింది, రోజూ, నీళ్ళ కడవతో. తిట్టినవారు ఎవరూ చూడని వేళ ఆమె కాళ్ళ కింద ముళ్ళు తీస్తూ వచ్చారు. వారు ఆమె దేవుణ్ణి ఒప్పుకోలేదు. ఆ సంగతిలో కమిటీ వ్రాసినది అక్షరాలా నిజం. నెల్లూరులో ఆ రాత్రి పాప నిద్రపోయాక మిషను పక్కన కూర్చున్నాను. దాని మూత తీయలేదు. తీసే హక్కు నాది కాదు.

వెళ్ళదలచిన పాఠకులకు ఒక్క సలహా: నెల్లూరులో నేనెక్కినది కాక, తెల్లవారకముందే బయలుదేరే తొలి బస్సు ఎక్కి, కాలువ అవతలి ఇసుకను పది గంటల లోపల దాటండి, ఆ పైన బూట్లతోనూ నడవలేరు, బూట్లు లేకుండానూ నడవలేరు.

ఇక అధికారులకు. బాప్తిస్మముల సంఖ్య: సున్న. దారి పొడవు: మూడు ఫర్లాంగులకు తక్కువ కాదు. ఉత్తరువును అమలు చేయకుండా ఇందువెంట తిప్పి పంపుతున్నాను. ఇందుకు కార్యదర్శి పైన తీసుకొనదగిన చర్య ఏదైనా తీసుకొనవచ్చును. దానితోబాటు ఈ క్రింది డిమాండు దాఖలు చేయడమైనది.

డిమాండు నం. 1: కరుణమ్మ గారిని ఆ పాలెములోనే కొనసాగించవలెను. అయితే తొమ్మిదేళ్ళలో ఆమె ఒక్క రోజుకు మించి సెలవు తీసుకొనలేదు గనుక, ప్రతి సంవత్సరము ఒక నెల సెలవు మంజూరు చేసి, దానిని నెల్లూరులో మా ఇంట గడపవలెనని నిర్దేశించవలెను. వద్దని ఆమె అనగలదు. కావున దీనిని అనుమతిగా గాక ఉత్తరువుగా జారీ చేయవలెను. ఆమె ఏ ఉత్తరువునూ ధిక్కరించిన దాఖలా లేదు.