బాపు పాసైన చెవి పరీక్ష

మా నాన్న, అదే మా బాపు, పట్టు పట్టాడంటే ఆ బ్రహ్మదేవుడు దిగొచ్చినా విడిపించలేడు. మంచికి పడితే సరే, ఈయన చెడ్డకే పడతాడు. తొంభైల చివర్లో ఆయన చెవి నరం మీద గడ్డ లేచినప్పుడు నేను పడ్డ అవస్థ పగవాళ్లకు కూడా వద్దు.

కరీంనగర్ జిల్లాలో మాది నేతపని ఇల్లు. బాపు ముప్పై ఏళ్లు మరమగ్గాల మీద పనిచేశాడు. మావాళ్లు వాటిని సాంచాలంటారు. ఎడమ చెవి చిన్నప్పుడే చీము కారి పోయింది. కుడి చెవి ఒక్కటే దిక్కు. దాంట్లోనే గుయ్యిమని మోత మొదలైంది, నడిస్తే తూలేవాడు. "సాంచాల కాడ చెవులు మొద్దువారుడు కొత్తనా?" అంటూ రెండేళ్లు దాటేశాడు. చివరికి నేను పోరు పెట్టి తలకు స్కానింగ్ తీయిస్తే గడ్డ బయటపడింది. క్యాన్సర్ కాదు గానీ, పెరగనిస్తే ప్రమాదమన్నారు.

కోసి తీస్తే ఆ చెవి పోవడం దాదాపు ఖాయమన్నాడు డాక్టరు. బొంబాయిలో కోత లేకుండా గడ్డ మీదికి కిరణాలు పంపే వైద్యం వచ్చిందనీ, దాంతో గడ్డ పెరగడం ఆగి వినికిడి నిలవొచ్చనీ చెప్పాడు. "నిలుస్తుందని మాట ఇవ్వలేను. ఆరు నెలలకోసారి చెవి పరీక్ష చేయించండి. తగ్గుతుంటే వెంటనే చెప్పండి, ఏదో ఒకటి చూద్దాం" అన్నాడు.

మా పెద్దనాయిన, అంటే బాపు అన్న, ఎగిరిపడ్డాడు. "గడ్డ అన్నంక కోసి పారెయ్యాలె గని, తలకాయల వెట్టుకొని తిరుగుతరా? పంతులమ్మవైతే అన్నీ నీకే తెలుసా?"

నేను ఊరుకుంటానా! బడిలో పాఠం చెప్పే గొంతుతోనే, "బాపుకు చెవి ఉంటది. నాది పూచీ" అన్నాను. నా నోరు మంచిది కాదు.

బొంబాయి పోయి, భివండిలో ఉండే చిన్నమ్మ ఇంట్లో దిగాం. తలకు ఇనుప చట్రం బిగించి ఒక్క రోజులో వైద్యం ముగించారు. "మరలు బిగిచ్చినప్పుడు జర నొచ్చింది. గింతేనా?" అని నవ్వాడు బాపు.

ఆరు నెలలకు కరీంనగర్‌లో పరీక్ష. అద్దం అవతల కూర్చున్నాయన మీట నొక్కితే ఇవతల బాపు చెవిలో సన్నటి కూత వస్తుంది. వినబడితే వేలెత్తాలి. బాపు టకటకా ఎత్తాడు. ఇంకో ఆరు నెలలకూ అంతే. ఇంట్లోనూ అడిగినదానికల్లా జవాబు చెబుతూనే ఉన్నాడు. పరీక్షలో ఇచ్చిన కాగితం పట్టుకుపోయి పెద్దనాయిన ముందు పరిచాను. ఆయన మూతి ముడుచుకుంటే నాకెంత సంబరమో!

మూడోసారి పోతే పాతాయన లేడు. కొత్తగా వచ్చిన అమ్మాయి బాపు కుర్చీని గోడవైపు తిప్పించింది. కూత పెంచింది, ఇంకా పెంచింది. వేలు లేవలేదు.

"ఇన్నాళ్లు ఎవరు చూశారమ్మా?" అందామె బయటికొచ్చి. "తగ్గుతున్నప్పుడే తెలిస్తే చెవికి మిషన్ పెట్టి మాటలు అందేటట్టు చూసేవాళ్లం. ఇప్పుడు పెట్టినా చప్పుడు తెలుస్తుంది గానీ మాట తెలియదు."

నాకు ఒళ్లు మండిపోయింది. బస్టాండు బెంచీ మీద కూర్చోబెట్టి నిలదీశాను. "మరి అప్పుడు వేలు ఎట్ల లేపినవ్ బాపూ?"

"గాయన చెయ్యి అద్దంల కనవడుతుండె గదా. మీట మీద వడంగనే లేపిన."

"ఇంట్ల?"

"సాంచాల మోతల ఎవలి మాట ఎవలికి ఇనవడ్తది? ముప్పై ఏండ్లు పెదవులు జూసే ముచ్చట వెట్టుకుంటిమి."

అయ్యో రామా! ఇలాంటి మనిషితో ఎవరైనా ఎట్లా వేగేది? "గది నీ చెవి సంగతి బాపూ! పాసైతే సర్టిఫికెట్ ఇస్తరా? నాకు ఒక్క మాట చెప్తే ఏం పోయేది?"

బాపు కాసేపు ఒళ్లోని సంచిని సర్దుకున్నాడు. "మా అన్న ముంగట పూచీ అంటివి. నీ మాట తప్పువోవుడు నాకు ఇష్టం లేకుండె."

కోపం, ఏడుపు ఒక్కసారే ముంచుకొచ్చాయి. మొహం పక్కకు తిప్పుకుని ఆయన్ని, పెద్దనాయినను, అందరికన్నా ఎక్కువ నన్ను నేను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. బాపు నా గదువ పట్టుకుని మెల్లగా నా మొహాన్ని తనవైపు తిప్పుకున్నాడు.

"ఇటు మొకం వెట్టి తిట్టు బిడ్డా" అన్నాడు. "ఏం తిడ్తున్నవో తెలుస్తలే."