పేరుకున్న పామాయిల్

మాధవరంలో మా పెద్దమ్మ ఇంట్లో ఇవాళ కాగిన నెయ్యి వాసన తగలగానే నా పాత మంట మళ్ళీ రేగింది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, మార్గళి నెల, అంటే ధనుర్మాసపు చలిలో, ఆవిడ వ్యాసర్పాడిలోని మా ఇంటికి వచ్చింది. మా ఇంట్లో ఏనాడూ నెయ్యి లేదు. ఆ పొద్దున డబ్బాలో రేషన్ పామాయిల్ పచ్చగా, పూసపూసగా పేరుకుని ఉంది. పేరుకున్నది నెయ్యే అనుకుని, సంబరంగా ఆవిడ వేడి అన్నంలో రెండు చెంచాలు వేశాను.

"ఏంది మే ఇది? రేషన్ పామాయిల్ నాకు పెడతావా? నెయ్యి మొగం ఎప్పుడన్నా చూసుంటే గదా!" అని పళ్ళెం తోసేసింది. అమ్మ తలదించుకుంది. ఆ తరవాత పెళ్ళిళ్ళలో కూడా ఆవిడ నన్ను "పామాయిలూ" అనే పిలిచింది.

ఇప్పుడు ఆవిడ గుండెకు స్టెంటు వేశారు. నెయ్యయినా పామాయిలయినా పేరుకునే కొవ్వేనని, రెండూ బాగా తగ్గించమని డాక్టరు చెప్పాడట. ఇన్నేళ్ళలో నా తరఫున మాట్లాడినవాడు ఆయనొక్కడే.

భోజనాల దగ్గర, "ఒక్క చుక్క వెయ్యి మే," అంది పెద్దమ్మ.

"డాక్టరు వద్దన్నాడు గదా పెద్దమ్మా," అని నేతి గిన్నె ఇవతలికి లాక్కుని, నా అన్నంలో వేసుకున్నాను.

"నీమీద ఎంత శ్రద్ధో చూడత్తా!" అంది వాళ్ళ కోడలు. నేను కాదనలేదు.